లిస్బన్‌లో పదో మనిషి

అన్షెల్ చేతిలో ఫోను ఉందంటే పక్కన పెళ్ళాం ఉన్నా లేనట్టే. న్యూయార్క్‌లోని ఫ్లాట్‌బుష్‌లో కర్టెన్ల కొట్టు నడుపుకునే ఆ పెద్దమనిషికి విమానాల పిచ్చి. ఎక్కే పిచ్చి కాదు, చవగ్గా పట్టే పిచ్చి. కాళ్ళు చాపుకుని పడుకునే సీటు ఏ విమానంలో సగం ధరకు దొరుకుతుందో అందరికంటే ముందు పసిగట్టి వాట్సాప్ గుంపులో పెట్టేవాడు. గుంపు నిండా ఆ యూదుల పేటలోని గడ్డాలవాళ్ళే, టోపీలవాళ్ళే. వాళ్ళు హాయిగా ఎగిరిపోయి జూరిచ్ నుంచో టోక్యో నుంచో అన్షెల్‌కు దండాలు పంపేవారు. ఆయన కొట్లో నిచ్చెనెక్కి కర్టెన్ కడ్డీలు బిగిస్తూ ఆ దండాలు చదువుకునేవాడు.

"ఊరందరికీ సంబంధాలు కుదిర్చి తను బ్రహ్మచారిగా మిగిలిపోయిన పేరయ్యలా ఉంది మీ సంగతి," అనేది భార్య హెన్యా.

హెన్యా ఇంటి కింది గదిలో పెళ్ళైన ఆడవాళ్ళు ఆచారంగా పెట్టుకునే విగ్గులు దువ్వి సరిచేసేది. విగ్గులు బుద్ధిగా నోరుమూసుకుని కూర్చునేవి. వాటిని తెచ్చినవాళ్ళతోనే చిక్కు. కోడళ్ళ మీద అత్తలూ, అత్తల మీద కోడళ్ళూ చెప్పే చాడీలన్నీ పొద్దస్తమానం ఆమె చెవుల్లోనే పడేవి. అవి చాలవన్నట్టు వియ్యపురాలు ఫ్రుమా ఒకతె. కొడుకు మెయ్‌లెఖ్‌కు ఆవిడ కూతుర్ని చేసుకుని నాలుగేళ్ళైంది. "చేప ఉండల్లో అంత చక్కెర వేశారేం వదినగారూ, మా వైపు మిరియాలే వేస్తాం," అంటూ వారం వారం ఫోను. ఆ ఫోను మోగితే చాలు, హెన్యాకు తలనొప్పి పట్టుకునేది.

ఒక సోమవారం పొద్దున్న అన్షెల్ మెట్లు దూకుతూ కిందికి వచ్చాడు. మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది.

"లిస్బన్! ముందు వరస, పడుకునే సీట్లు! ఎవడో ధర తప్పు వేశాడు, మధ్యాహ్నానికల్లా దిద్దేస్తారు. ఇవాళ సాయంత్రం బయల్దేరితే గురువారానికి ఇంట్లో ఉంటాం. శుక్రవారం సబ్బాతు దీపాలు మనింట్లోనే."

"ఎవరికట?" అంది హెన్యా దువ్వెన ఆపకుండా.

"మనకే."

దువ్వెన ఆగింది. "నిజంగా మనకేనా? గుంపులో పెట్టేశారా?"

"ఇంకా లేదు."

"పెట్టకండి. చచ్చినా పెట్టకండి." హెన్యా దువ్వెన పక్కన పడేసింది. "పెళ్ళైన వారం రోజులూ రోజుకొక బంధువింట్లో విందు తిన్నాం. ఆ తర్వాత పిల్లలు, ఆ తర్వాత వాళ్ళ పెళ్ళిళ్ళు. మనిద్దరం ఒంటరిగా ఒక్క ఊరైనా చూశామా చెప్పండి? వస్తాను. కానీ తెలిసిన మొహం ఒక్కటి కూడా నా కంటబడకూడదు. 'మీరు ఫలానావారి అమ్మాయి కదూ' అని ఒక్కరు అడిగినా వెనక్కొచ్చేస్తాను."

"నా గడ్డం మీద ఒట్టు," అన్నాడు అన్షెల్.

టిక్కెట్లు కొన్నాడు. కొన్నాక పైకి వెళ్ళి వంటింటి గోడ మీది కాలెండరు చూశాడు. తండ్రి తద్దినం మంగళవారమని ఆయనకు గుర్తే. ప్రయాణం సోమవారం కదా, మంగళవారం సంగతి దిగాక చూసుకోవచ్చనుకున్నాడు. కొట్టువాడి లెక్క అది. వాళ్ళ లెక్కలో రోజు సూర్యుడు దిగడంతోనే మొదలవుతుంది. అంటే ఈ సాయంత్రం నుంచే తద్దినం. ఆ రోజు ప్రతి ప్రార్థనలోనూ పదిమంది మగవాళ్ళ మధ్య నిలబడి కొడుకు కాదిష్ అనే ప్రార్థన చదవాలి. తొమ్మిదిమంది ఉంటే చాలదు. తండ్రి పోయినప్పటినుంచి అన్షెల్ ఒక్క ఏడూ తప్పలేదు. ఇప్పుడేమో రాత్రంతా ఆకాశంలో, పొద్దున్నకు ఊరుకాని ఊళ్ళో.

కింద హెన్యా పాట పాడుకుంటూ సంచీ సర్దుతోంది. ఆమె పాడగా విని ఎన్నాళ్ళైందో. తద్దినం మాట చెబితే సర్దిన బట్టలన్నీ మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోతాయి. చెప్పడానికి అన్షెల్‌కు మనసు రాలేదు, తద్దినం వదులుకోవడానికీ రాలేదు. అందుకని తెలివైన మగవాళ్ళు చేసే పనే చేశాడు. భార్యకు చెప్పకుండా ఆ టిక్కెట్ల సంగతి గుంపులో పెట్టేశాడు. పదిమంది తనతోపాటు ఎక్కితే కాదిష్ గాల్లోనే చదివేసుకోవచ్చు. ముందు వరసలో కూర్చున్న హెన్యా వెనక్కి తిరిగి చూడబోదు.

ఎయిర్‌పోర్టులో గేటు దగ్గర నల్లటోపీలు చూసి హెన్యా ఆగిపోయింది.

"ఏమండీ, ఇది లిస్బన్ విమానమేనా, మన వీధి చివర బస్సా?"

"మనవాళ్ళు లేని విమానం ఎక్కడుందే," అన్నాడు అన్షెల్ పక్కకు చూస్తూ.

ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మగవాళ్ళు కిటికీ దగ్గర చేరి సాయంత్రం ప్రార్థన ముగించారు. అన్షెల్ గొంతు తగ్గించి కాదిష్ చదివేశాడు. గండం సగం గడిచిందనుకున్నాడు. తిరిగొచ్చిన హెన్యా మొహం మాత్రం పాలిపోయి ఉంది.

"మన వియ్యంకుడు గెట్సెల్ అన్నయ్యగారు మీ గుంపులో ఉన్నారా?"

"ఉన్నారేమో."

"ఉన్నారేమోనా! కాఫీ కొట్టు దగ్గర చూశాను. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉన్నారు. ఇక మూడు రోజులూ ఫ్రుమా వదినగారి మిరియాల పురాణమే నాకు!"

విమానంలో వియ్యపురాలి సీటు రెండు వరసల వెనక పడింది. హెన్యా సీటు పక్క తలుపు లాక్కుని, దుప్పటి కప్పుకుని, లోపల నక్కింది. విమానం అమ్మాయి వెండి పళ్ళెంలో ఏవేవో తెచ్చింది. వీళ్ళు తినేవి కావు. వీళ్ళకు పనికొచ్చే భోజనం కావాలంటే ముందురోజే చెప్పుకోవాలి. హెన్యా సంచీలోంచి రేకు కాగితంలో చుట్టిన బంగాళదుంప కూగెల్, ఉడికించిన గుడ్లు తీసింది. మొగుడి వాటా మాట్లాడకుండా ఆయన ఒళ్ళో పెట్టింది.

తెల్లవారగానే అన్షెల్ తన పదిమందిని లేపడానికి బయల్దేరాడు. ఒక్కొక్కరూ సీటు పరుచుకుని కుంభకర్ణుడి నిద్రలో ఉన్నారు. మంచులో జారిపడుతూ కూడా పొద్దుటి ప్రార్థనకు పరిగెత్తే మనుషులు వాళ్ళు. చవగ్గా దొరికిన పరుపు వాళ్ళను ఒక్క రాత్రిలో చెడగొట్టింది.

"అన్షెల్, నీకు పుణ్యముంటుంది, ఈ పరుపు మీద ఇంకొంచెంసేపు పడుకోనీ," అన్నాడొకడు.

"దిగాక హోటల్లో చేసుకుంటాంలే," అని ఇంకొకడు అటు తిరిగిపోయాడు.

దిగాక ఎవరి దారి వాళ్ళది. చేతిసంచులతో వచ్చిన హెన్యా, వియ్యపురాలి కంటబడకుండా మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కెళ్ళి టాక్సీలో పడేసింది. డ్రైవరుకు ఏదో చిరునామా చూపించింది. ఇక అన్షెల్‌కు దాచే ఓపిక లేకపోయింది.

"హెన్యా, ఇవాళ నాన్న..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మావయ్యగారి తద్దినమని. నిన్న బయల్దేరేముందు దీపం ఎవరు వెలిగించారనుకున్నారు? వంటింటి సింకులో పెట్టి వచ్చాను. మీరు టిక్కెట్లు కొన్న మరుక్షణమే ఇక్కడి ప్రార్థన మందిరానికి ఫోను చేశాను. సాయంత్రానికి బెంగ లేదు, న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో పదిమంది దొరక్కపోతారా! పొద్దున్న పదిమంది ఉంటారా అని అడిగితే, 'మీరు వస్తే ఉంటారమ్మా' అన్నాడు ఇక్కడాయన. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాం."

అన్షెల్ సీట్లో ఇటు తిరిగాడు. "మరి నాతో అనలేదేం?"

"మీ నాన్నగారు కదా, మీరే అంటారని చూశాను."

"నువ్వు ప్రయాణం మానేస్తావని భయపడ్డానే. అందుకే... పదిమంది కోసం... గుంపులో నేనే పెట్టాను."

హెన్యా ఒళ్ళోని సంచీ పక్కన పెట్టింది. "అంటే ఫ్రుమా వదినగారిని నా నెత్తి మీదికి ఎక్కించింది మీరన్నమాట. నన్నొక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

అన్షెల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

మందిరంలో ముసలి ధర్మకర్త వీళ్ళను చూసి సంబరపడ్డాడు. మనుషుల్ని లెక్కపెట్టడం వాళ్ళలో తప్పు. అందుకని వేలు చూపిస్తూ, "ఒకటి కాదు, రెండు కాదు," అంటూ లెక్కపెట్టి, "తొమ్మిది కాదు," దగ్గర ఆగిపోయాడు.

"పదిమంది ఉంటారన్నారు కదండీ?" అంది హెన్యా.

"మీరు వస్తే అన్నానమ్మా. మగవాళ్ళలో ఒక్కరే వస్తారని నాకేం తెలుసు?"

అన్షెల్ గుంపులో మెసేజి పెట్టాడు. నలుగురు బొటనవేళ్ళు పంపారు, ఒకరు 'ఐదు నిమిషాల్లో' అన్నారు. ఎవరూ రాలేదు. ఉన్నవాళ్ళలో ఒకాయన కొట్టు తెరవాలని వాచీ చూసుకుంటున్నాడు. ఆడవాళ్ళు కూర్చునే మేడ మీది నుంచి హెన్యా కిందికి చూసింది. అన్షెల్ ప్రార్థన శాలువా కప్పుకుని, బడిలో ఒంటరిగా మిగిలిపోయిన పిల్లాడిలా బెంచీ చివర కూర్చున్నాడు. ఆమెకు కోపం ఇంకా ఉంది, కానీ ఆ మొహం చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. మావయ్యగారు కూడా గుర్తొచ్చారు. కొత్త కోడలిగా తను కూగెల్ మాడ్చేస్తే, "మాడితేనే రుచి," అని రెండుసార్లు వడ్డించుకుని తిన్న మనిషి. ఆ మనిషి కోసం ఒక్క పదో మనిషి దొరకడా?

ఈ ఊళ్ళో ఆమెకు తెలిసిన నంబరు ఒక్కటే. ఆ నంబరు నొక్కిందంటే మూడు రోజులూ గంగపాలే. హెన్యా మెట్ల మీదికి వెళ్ళి నొక్కేసింది.

"వదినగారూ, నేను, హెన్యాని."

అవతల ఫ్రుమా గొంతు, "చెప్పండి వదినగారూ," అంది జాగ్రత్తగా.

హెన్యా సంగతి చెప్పింది. ఫ్రుమా ఒక్క క్షణం ఆలోచించలేదు. "మావారిని ఇప్పుడే టాక్సీ ఎక్కిస్తాను. బట్టలు వేసుకునే ఉన్నారు."

"మీరూ రండి, అందరం కలిసి ఊరు చూద్దాం," అంది హెన్యా. వియ్యాలవారి మర్యాద ఆమె నోటిచేత ఆ మాట అనిపించింది.

"నేను రాను."

"అయ్యో, అదేంటి?"

"ఏమీ అనుకోకండి వదినగారూ. నిన్న ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని చూసి నా ప్రాణం ఉసూరుమంది. జన్మకొక్కసారి అన్నట్టు మేమిద్దరం ఒంటరిగా బయల్దేరాం. పిల్లలకి కూడా క్యాట్‌స్కిల్స్ కొండలకి వెళ్తున్నామనే చెప్పాం. తీరా చూస్తే మీరు! మీరొచ్చి పలకరిస్తారేమోనని రాత్రంతా దుప్పటి ముసుగు తియ్యలేదు. బాత్రూముకి కూడా లేవలేదంటే నమ్మండి."

ఒక్క క్షణం హెన్యాకు చురుక్కుమంది. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. "నేనూ లేవలేదు వదినగారూ!"

ఇద్దరూ మెట్లమీదొకరూ హోటల్లో ఒకరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నాలుగేళ్ళ వియ్యంలో వాళ్ళు కలిసి నవ్వడం అదే మొదలు. హెన్యాకు ఆ క్షణంలో వియ్యపురాలి మీద నిజంగానే ప్రేమ పుట్టుకొచ్చింది.

"అయితే మీరు మమ్మల్ని చూడలేదు," అంది ఫ్రుమా.

"అసలు మీరెవరండీ?" అంది హెన్యా.

గెట్సెల్ బూటు తాళ్ళు ఊడిపోతుండగా పరిగెత్తుకొచ్చాడు. ధర్మకర్త "పది కాదు!" అని కేకపెట్టాడు. ప్రార్థన మొదలైంది. అన్షెల్ లేచి నిలబడి, తండ్రిని తలుచుకుని, ఈసారి గొంతు తగ్గించకుండా కాదిష్ చదివాడు. పైనుంచి హెన్యా అందరికంటే గట్టిగా ఆమేన్ అంది.

అయ్యాక అన్షెల్ రెండు చేతులూ చాచి ఎదురెళ్ళాడు. "బావగారూ! మీ రుణం ఈ జన్మలో..."

గెట్సెల్ మర్యాదగా చేయి కలిపాడు. "సంతోషమండీ. ఏ ఊరు మీది?"

"అదేంటి బావగారూ! ఫ్లాట్‌బుష్."

"ఓహో. అక్కడ నాకెవరూ తెలీదండీ," అని టోపీ సర్దుకుని ఆయన వెళ్ళిపోయాడు.

అన్షెల్ అలాగే నిలబడిపోయాడు. హెన్యా మేడ దిగి వచ్చి, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని తన సంచీలో వేసుకుంది.

"హెన్యా, గెట్సెల్‌కి మతిగాని పోయిందా?"

"గెట్సెల్ ఎవరండీ?" అంది హెన్యా, వీధిలోకి నడుస్తూ.