గొలుసుకట్టు

రామ్‌కిషన్ బీరమ్మ తెచ్చిన భూమి కాయితం నకలును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. ఆఖరికి విసుగెత్తి బల్ల మీద పడేశాడు. జహీరాబాద్ తాసిల్ ఆఫీసులో చదువు వచ్చిన గుమాస్తాగా అతనికి పేరుంది. గడప అవతల కూర్చున్న బీరమ్మ లేచి నిలబడింది. కందికోత కూలి మానుకుని, పొద్దున్నే ఝరాసంగం దగ్గరి పల్లె నుంచి బయలుదేరింది. కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు.

“నాకు వస్తలేదమ్మా. ఏ అక్షరం ఏడ మొదలైందో, ఏడ ఒడిసిందో తెలుస్తలేదు. మీ పట్వారినే తోలుకరా,” అన్నాడు.

కిందటిసారీ అదే మాట. చనిపోయిన భర్త పేర రెండెకరాల చెలక ఉంది. అది విరాసత్తు కింద, వారసురాలిగా తన పేర ఎక్కించమని అరవై అయిదులో పెట్టుకున్న అర్జీ ఏడాదైనా కదల్లేదు. ఆలస్యమైతే తన పేర రాయించుకోవడానికి మరిది కాచుకుని ఉన్నాడు. భార్యకు హక్కుందని తాసీల్దారే చెప్పాడు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా.

ఆ పూజారి ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి వెంకోబరావు. తాత రాసిన రాతే తండ్రీ రాశాడు, తండ్రి రాసిందే ఈయనా రాస్తున్నాడు. కలం ఎత్తకుండా, అక్షరానికి అక్షరం ముడివేస్తూ, వరుస చివరిదాకా ఒకే గీతగా లాగే గొలుసుకట్టు. బ్రహ్మరాతనైనా ఏ జోస్యుడో చదివి చెబుతాడేమో గానీ, వెంకోబరావు రాసింది వెంకోబరావే చదవాలి. అందుకని ఏ కాయితం చదివించుకోవాలన్నా ఊరివాళ్లు ముందు ఆయన వాకిలి ఊడ్చాలి, ఆయన కల్లంలో తూర్పారబట్టాలి. చదివినందుకు పైసా అడగడు మహానుభావుడు, చాకిరీ చేయించుకుంటాడంతే. ఊళ్లో దీన్ని ఆనవాయితీ అంటారు. దోపిడీ అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

బీరమ్మ కదలకపోయేసరికి రామ్‌కిషన్ కాస్త మెత్తబడ్డాడు. మాట మార్చడానికన్నట్టు బల్ల మీది పత్రిక చూపించి, అమెరికాలో అక్షరాలు చదివే మిషన్ వచ్చిందట అన్నాడు. కంప్యూటర్ అంటారట, ఒక గదంతా అదే ఉంటుందట. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఈ కాయితం దానికి పంపరాదా అని అడిగింది. రామ్‌కిషన్ నవ్వాడు.

“గొలుసుకట్టు దానిక్కూడ రాదంట. అక్షరాలు ఒకదానికొకటి తగిలితె ఆడ్నే ఆగిపోతదంట. విడివిడిగ రాస్తెనే సదువుతదంట.”

“మరి గంత పెద్ద మిషనుకే విడిగ రాసియ్యాల్నంటె, మనకెందుకు రాసియ్యరు సారూ?”

పట్వారిని అట్లా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరని అతను గొణిగాడు. అడగమని మాత్రం చెప్పలేదు. తన ఉద్యోగం తనకుంది.

దొరికిన లారీ ఎక్కి సాయంత్రానికి ఆమె ఊరు చేరింది. పట్వారి అరుగు ముందు రైతులు వేలిముద్రలకు వరుసగా నిలబడ్డారు. ఆమెను చూడగానే వెంకోబరావు కొత్త వాంగ్మూలం ఒకటి ముందుకు తోశాడు. దీని మీద వేలు పెడితే, జొన్న కల్లం అయినాక తానే తాసిల్‌కు వచ్చి చదివి పెడతానన్నాడు. అందులో ఏముందని ఆమె అడిగింది. అంతా నీ మేలుకే అన్నాడు. అంటూనే ఆమె బొటనవేలు పట్టి సిరాలో అద్దాడు.

బీరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఏమే, నా మీద నమ్మకం లేదా?”

“నమ్మే మా మామ పెట్టిండు, మా ఆయన పెట్టిండు. ఏం రాసిన్రో ఇయ్యాలటికి మా ఇంట్ల ఎవ్వరికి ఎరుక లేదు. విడివిడిగ రాయిన్రి పంతులూ. ఊర్ల ఎవరన్న సదివి చెప్తరు. అప్పుడు పెడత.”

వెంకోబరావు మండిపడ్డాడు. తాతల నాటి రాత మార్చుకుని, ఆమె కోసం బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం దిద్దుకోవాలా అని అరిచాడు. అట్లయితే చెలక సంగతి మరిచిపొమ్మన్నాడు. ఆమెకు కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ చెలక పోతే బతుకంతా కూలే. అది తెలిసీ సిరా కొంగుకు తుడుచుకుంది.

“నాగప్పా, నువ్వు రారా,” అంటూ పట్వారి సిరా డబ్బా అటు జరిపాడు.

వరుసలో ముందున్న నాగప్ప బీరమ్మ వంక చూశాడు, కాయితం వంక చూశాడు. బొటనవేలు పిడికిట్లో ముడుచుకుని అక్కడే నిలబడ్డాడు.