వెనక సీటు మాట

"ఆఁ? ఏంటి మామయ్యా? ఈ టైర్ల గోలలో వినపడలేదు."

మొదటిసారి ఆమె ఆ మాట అన్నప్పుడు అది నిజమే. మోకాలి వ్యాయామానికి మామగారిని వారం వారం తీసుకెళ్ళే దారిలో, పాత గోడౌన్లు మొదలయ్యే చోట తారు రోడ్డు పోయి సిమెంటు రోడ్డు వస్తుంది. అక్కడికి రాగానే కారు కింద ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు రొద. వెనక సీట్లోంచి ఆయన ఏదో అన్నారు. సగం మాట ఆ రొదలో కొట్టుకుపోయింది. ఆమె మళ్ళీ అడిగితే, "ఏం లేదులేమ్మా" అని కిటికీ వైపు తిరిగారు.

ఆ తర్వాతి వారం మాత్రం ప్రతి అక్షరమూ వినపడింది.

"అమ్మాయ్, ఈ గోడౌను ఆవరణ ఎప్పుడూ ఖాళీయే కదా. లోపల ఒక్క చుట్టు నన్ను నడపనిస్తావా?"

ఆమె వేళ్ళు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. సరే అంటే ఇంట్లో భర్తకు జవాబు చెప్పుకోవాలి. వద్దంటే, అద్దంలో ఆ ముఖం చూడాలి. రెంటికీ ధైర్యం చాలక, కిందటి వారం నాలుక మీదికి వచ్చిన మాటే మళ్ళీ వచ్చేసింది.

"ఆఁ? ఏంటి మామయ్యా? టైర్ల గోల..."

"ఏం లేదులేమ్మా."

అంత సులువుగా తప్పించుకోవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆ కారు ఆయనది. ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు ప్లాన్లు గీస్తూ గడిపిన మనిషి, అది చాలించాక తన కోసమని మోజుపడి కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు. పొడుగ్గా, నల్లగా, తలుపు వేస్తే నగల పెట్టె మూసినంత మెత్తగా చప్పుడయ్యే కారు. కంట్లో ఒత్తిడి పెరిగి పక్కచూపు పోతోందని డాక్టరు చెప్పాక కూడా ఆయన ఎవరినీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఒకరోజు గేటు స్తంభాన్ని గీరుకుంటూ వచ్చి, గీరిన సంగతే తెలియకుండా దిగి, లోపలికొచ్చి కాఫీ అడిగారు. ఆ సాయంత్రమే కొడుకు తాళాలు తీసి భార్య చేతిలో పెట్టాడు.

"నాన్న అడుగుతాడు. ఇవ్వకు."

"ఆ మాటేదో మీరే చెప్పొచ్చుగా."

"నేను చెప్తే గొడవైపోతుందోయ్. నువ్వైతే నెమ్మదిగా ఎలాగోలా సర్దుతావు."

ఎలాగోలా సర్దడమంటే ఇదిగో, ఇదీ.

మొదట్లో మామగారు ముందు సీట్లో ఆమె పక్కనే కూర్చునేవారు. ఆమె బ్రేకు వెయ్యాల్సిన ప్రతిచోటా ఆయన కాలు కిందనున్న మ్యాటును గట్టిగా నొక్కేది. ఒకసారి ఉండబట్టలేక స్టీరింగు మీద చెయ్యి కూడా వేశారు. ఆ మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే వెనక సీటుకు మారిపోయారు. వెనక కూర్చునే ఆ ఒక్క చుట్టు అడిగేవారు. ప్రతి వారమూ కాదు. ఎప్పుడైనా ఆకాశం తేటగా ఉండి, రోడ్డు మీద రద్దీ లేనప్పుడు. ఆమె పెడచెవిన పెట్టేది. ఒక్కోసారి, మాట మొదలవకముందే రేడియో శబ్దం పెంచేది.

ఇంటికొచ్చి కూరలు తరుగుతున్నంతసేపూ ఆ "ఏం లేదులేమ్మా" చెవిలో రొద పెట్టేది. ఆ రోజుల్లో ఆయన కాఫీ చిక్కగా కలిపేది, చొక్కాలు మడత నలగకుండా ఇస్త్రీ చేసేది.

"ఏంటమ్మాయ్, ఇవాళ నాకు అల్లుడి మర్యాదలు జరుగుతున్నాయి?" అని ఆయన నవ్వితే, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇలా ఉండగా ఒక ఉదయం ఫలహారం దగ్గర మామగారు కొడుకుతో అన్నారు.

"ఒరేయ్, కారుకి టైర్లు మార్చాలిరా."

"ఇంకా అరగలేదుగా నాన్నా?"

"అరిగినందుకు కాదు. గోల. వెనకనుంచి నేనేదైనా అంటే అమ్మాయికి ఒక్క ముక్క వినపడటం లేదు. పాపం, ప్రతిసారీ 'ఆఁ, ఆఁ' అని అడుగుతుంది."

గరిటె ఆమె చేతిలోనే ఆగిపోయింది.

"అంత గోలగా ఉందా? నాతో చెప్పలేదేం?" భర్త ఆమె వైపు తిరిగాడు.

అవునంటే అబద్ధం. కాదంటే నిజం బయటపడుతుంది. "కొంచెం" అంది ఆమె, ప్లేట్లోకి చూస్తూ.

"అన్ని కాలాలకీ పనికొచ్చేవి, చప్పుడు చెయ్యనివి వచ్చాయట. చూస్తున్నాను" అన్నారు మామగారు.

అప్పుడర్థమైంది ఆమెకు. కొన్నాళ్ళుగా ఆయన వరండాలో కూర్చుని, ఫోనులో అక్షరాలు చిక్కుడు గింజలంత చేసుకుని, చూపున్న వైపుకు మెడ తిప్పి తిప్పి చదువుతున్నది ఇదన్నమాట. ఏ టైరు ఎండకు మెత్తబడదు, ఏది చలికి బిగుసుకోదు, ఏది వానలో పట్టు వదలదు, అన్నిటికన్నా ఏది నిశ్శబ్దంగా దొర్లుతుంది. ఉన్న కాస్త చూపూ ఖర్చుపెట్టి వెతుకుతున్నారు, ఆమె వినడం కోసం.

మామగారితో కలిసి ఆమె వెళ్ళిన టైర్ల షాపులో ఓనరు బొద్దుగా, హుషారుగా ఉన్నాడు. షాపంతా కొత్త రబ్బరు వాసన. గోడల నిండా నల్లటి టైర్లు వరసగా వేలాడుతున్నాయి. మామగారు వాటి గాళ్ళలోకి వేళ్ళు పోనిచ్చి చూస్తూ, చప్పుడు సంగతి చెప్పారు.

"సార్, టైరు గోల తగ్గించే మందు నా దగ్గరుంది. ఇంట్లో గోల తగ్గించేది మాత్రం అడక్కండి, నాకే దొరకలేదు" అన్నాడు ఓనరు. తన జోకుకు తనే నవ్వి, వంగి పాత టైరు మీద అరచెయ్యి వేశాడు. "ఇటు నిమరండి మేడమ్. నున్నగా ఉందా? ఇప్పుడు అటు నిమరండి. రంపం! చక్రాల అలైన్‌మెంటు తప్పి ఒకే పక్క అరిగింది. అయినా గోల టైరుదో, చక్రం లోపలి బేరింగుదో తేల్చుకోకుండా మార్చకూడదు. పదండి, ఒక చుట్టు వెళ్ళొద్దాం. మీరు తోలండి, నేను వెనక కూర్చుని వింటా."

వినడానికొక మనిషి వెనకెక్కి కూర్చోవడమా! "మీరే తోలొచ్చు కదండీ" అంది ఆమె.

"రోజూ తోలే చెయ్యే తోలాలి మేడమ్. నేను తోలితే కారు కూడా మొహమాటపడి నోరు మూసుకుంటుంది."

సిమెంటు రోడ్డెక్కారు. రొద మొదలైంది. ఓనరు తల వంచి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. పక్కనే మామగారు. ఆమె ఒక లారీని దాటి మళ్ళీ తన వరసలోకి వచ్చింది. మలుపు చిన్నది కావడంతో ఇండికేటరు తనంతట తాను ఆగలేదు. ధ్యాసంతా వెనక ఉండటంతో ఆమె గమనించలేదు. ఓనరు కళ్ళు తెరిచి, ఆమె నొచ్చుకోకుండా మామగారి చెవిలో గొణిగాడు.

"మేడమ్ ఇండికేటరు ఆపలేదు సార్."

ఆమె చెయ్యి చటుక్కున వెళ్ళి దాన్ని ఆపేసింది.

ఆపేశాక గానీ ఏం చేసిందో తెలియలేదు. ఆ మాట ఆమెకు చెప్పింది కూడా కాదు. ఒకరి చెవిలో ఒకరు అనుకున్న మాట.

"అదేంటి సార్, మేడమ్‌కి పాము చెవులు!" ఓనరు పకపకా నవ్వాడు. "గుసగుస కూడా వినపడిపోతోంది. గోల ఉంది, కాదనను. కానీ మాట వినపడనంత కాదు."

ఆమె అద్దంలోకి చూడకూడదనుకుంది. చూసింది. మామగారు అద్దంలోకే చూస్తున్నారు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నా గొంతు చిన్నదేమోలేవయ్యా" అన్నారాయన.

షాపుకు తిరిగొచ్చేదాకా ఆమె మళ్ళీ అద్దంలోకి చూడలేదు. ఓనరు మాత్రం నిజాయితీగానే చెప్పాడు. "తొందరేం లేదు సార్. అలైన్‌మెంటు చేసి, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటే ఇంకొన్నాళ్ళు లాగొచ్చు."

"అలా చేద్దాం మామయ్యా" అంది ఆమె ఆత్రంగా.

"వద్దయ్యా. మార్చెయ్" అన్నారు మామగారు. "ఇకమీద టైర్ల మీద నెపం పెట్టే పని ఉండకూడదు."

ఓనరుకు అది మామూలు మాటే. ఆమెకు చెంప మీద తగిలింది.

అతను మూడు రకాల టైర్లు దొర్లించుకొచ్చాడు. ఒకటి మలుపుల్లో బాగా పట్టుకుంటుంది కానీ గతుకులన్నీ నడుముకు చేరవేస్తుంది. ఇంకొకటి గట్టిది, చాలా ఏళ్ళు మన్నుతుంది, కానీ పాతబడే కొద్దీ నోరు పెంచుతుంది. మూడోదాని లోపలి అంచున పరుపులో ఉండే నురగలాంటి పొర అంటించి ఉంది. చప్పుడును అది మింగేస్తుందట.

"ఇది ఎన్నాళ్ళు మన్నుతుంది?"

"రెండోదాని కన్నా తక్కువే సార్. మెత్తటి రబ్బరు."

"పర్లేదు. అంత మన్నేవి నాకూ అక్కర్లేదు. ఇదే వెయ్."

ఆయన దాన్ని వేలి కణుపుతో కొట్టి విన్నారు, తలుపు తట్టినట్టు. ఆమె గాజు తలుపు పక్కన నిలబడి, పాత టైర్లు ఒక్కొక్కటే ఊడిపడటం చూసింది. ఇన్నాళ్ళూ ఆమె తరఫున అబద్ధమాడి పెట్టినవి. అవి గోడకు ఆనుకుని కూర్చుంటే, సాక్షుల్లా కనిపించాయి.

తిరుగు ప్రయాణంలో కారు నీటి మీద పోతున్నట్టుంది. సిమెంటు రోడ్డు వచ్చింది. రొద లేదు. కారులోని గడియారం టిక్కుటిక్కు, మామగారి ఊపిరి, ఆయన చొక్కా సీటుకు రాసుకున్న చప్పుడు, అన్నీ వినపడుతున్నాయి. గోడౌన్లు కనిపించాయి. ఆకాశం తేటగా ఉంది. రోడ్డు మీద ఎవరూ లేరు. ఆయన అడిగే రోజు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఆమె కాచుకుని ఉంది. అడగండి మామయ్యా, ఈసారి అడగండి.

మొదటి గోడౌను దాటిపోయింది. ఆయన అడగలేదు.

"ఏమైనా అన్నారా మామయ్యా?"

"లేదమ్మా. నేనేం అనలేదు."

ఈసారి ఆయన మాటే నిజం. ఆమె ఇక ఓర్చుకోలేకపోయింది. ఇండికేటరు వేసి, ఆవరణ గేటులోంచి కారును లోపలికి తిప్పింది. పగుళ్ళలో గడ్డి మొలిచిన విశాలమైన సిమెంటు నేల. దూరంగా ఒక మూల తుప్పు పట్టిన డ్రమ్ములు. మనుషుల జాడ లేదు. ఆమె దిగి వెనక తలుపు తీసింది.

"ఒక్క చుట్టు మామయ్యా. కొత్త టైర్లు కదా, మెల్లగా."

ఆయన మెల్లగా దిగారు. ముందుకొచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. చూడకుండానే చేత్తో తడిమి సీటును వెనక్కి జరుపుకున్నారు, అద్దం సరిచేసుకున్నారు. వాటి చోట్లు ఆ చేతికి తెలుసు. ఆమె పక్కన కూర్చుని, హ్యాండ్ బ్రేకు మీట దగ్గర వేలు ఉంచింది.

కారు కదిలింది. ఎంత నింపాదిగా నడిపారని! ఆమె ఏనాడూ అంత మెత్తగా మలుపు తిప్పలేదు. ఆయన ముఖంలో వయసు జారిపోతుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇంతేగా అడిగింది. ఇంత చిన్నదాన్నా ఇన్నాళ్ళు ఎగ్గొట్టింది!

చివరి మలుపులో డ్రమ్ములు ఆమె వైపున దగ్గరపడ్డాయి. ఆయన చూస్తారనుకుంది. ఆయన తల తిప్పలేదు. కారు పక్కవాటుగా వాటి మీదికే పోతోంది.

"మామయ్యా, ఎడమ పక్క డ్రమ్ములు!"

ఆయన కాలు ఈసారి నిజం బ్రేకు మీద పడింది. కారు ఆగింది. ఆమె కిటికీ అద్దం దించింది. చెయ్యి చాపితే తుప్పు అంటుకునేంత దగ్గరలో ఉంది డ్రమ్ము.

మామగారు మెడను పూర్తిగా ఇటు తిప్పి, దాన్ని చాలాసేపు చూశారు. ఇంజను ఆపేశారు.

"ఇది తెలుసుకుందామనేనమ్మాయ్ అడిగింది" అన్నారు. "డాక్టరు చెప్తాడు, మావాడు చెప్తాడు. కన్ను నాది. నాకు తెలియాలి కదా, ఎంత పోయిందో. వాణ్ణడిగితే కోప్పడతాడు. నిన్నడిగితే..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు.

"నాకు వినపడేది మామయ్యా" అంది ఆమె. "వద్దని చెప్పడానికి నోరు రాక..."

"వద్దంటే ఒకరోజు అలిగేవాణ్ణి. అన్నం తినేవాణ్ణి కాదు, అంతే. వినపడలేదంటే ఏం చెయ్యను? మళ్ళీ అడగాలి. అడిగి అడిగి, నా మాట నాకే అనుమానమైపోయింది, అసలు పైకి అంటున్నానా, లోపలే అనుకుంటున్నానా అని."

ఆయన తాళం ఆమె చేతిలో పెట్టి దిగారు. కారు వెనకనుంచి చుట్టి వచ్చి, అలవాటుగా వెనక తలుపు మీద చెయ్యి వేశారు.

"ముందు కూర్చోండి మామయ్యా."

"నా కాలు ఊరుకోదమ్మా."

"ఊరుకోకపోతే పోనివ్వండి."

ఇంటిదాకా ప్రతి మలుపులోనూ ఆ కాలు మ్యాటును నొక్కుతూనే ఉంది. ఆ చప్పుడు కూడా ఇప్పుడు స్పష్టంగా వినపడింది.

వరండాలో భర్త ఎదురొచ్చి, వంగి కొత్త టైర్లు చూసి, "ఎలా ఉన్నాయి నాన్నా? గోల తగ్గిందా?" అని అడిగాడు.

"గోల సంగతి మీ ఆవిడనడుగు" అన్నారు మామగారు, చెప్పులు విడుస్తూ. "నేను మాత్రం ఇక నడపనురా. తాళాలు దాచుకోవక్కర్లేదు."

భర్త తెల్లబోయి, తర్వాత హమ్మయ్యా అన్నట్టు ఆమె వైపు చూసి, మెచ్చుకోలుగా తలాడించాడు. ఎలాగోలా సర్దావన్నట్టు. ఆమెకు ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది.

లోపలికి వెళ్ళబోతూ మామగారు ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"అమ్మాయ్, కాస్త కాఫీ ఇస్తావా?"

మామూలుగా అడిగినంత మెల్లగానే అడిగారు. ఆమె "ఇదిగో మామయ్యా" అంది, అవసరమైనదానికన్నా చాలా గట్టిగా.