మదార్ సాబు ముక్కు

మదార్ సాబు జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ మధ్యాహ్నం నంద్యాలలో దాన్ని నమ్మినవాడు ఒక్కడూ లేకపోయాడు.

రెండో పెద్ద యుద్ధంలో ఇటలీ దేశం దక్షిణాన, నేపుల్స్ దగ్గర, మిలిటరీ వంటశాలలో రెండేళ్లు గరిటె తిప్పాడాయన. ఏ వైనుకు ఏ కూర నప్పుతుందో అక్కడి దొరలు చెబుతుంటే వాసన పట్టి నేర్చుకున్నాడు. నోటికి అమ్మకిచ్చిన మాట అడ్డమున్నది గానీ ముక్కుకు ఏ అడ్డమూ లేదు గదా అనేవాడు.

పందొమ్మిది వందల యాభై ఆరులో ఆ విద్య అక్కరకొచ్చింది. అప్పటికి ఆయన రాళ్ల కాంట్రాక్టరు శేషయ్య బంగళాలో వంటమనిషి. ఆళ్లగడ్డ శిల్పుల పని చూసి రాతి బొమ్మలు కొనడానికి ఇటలీ దొర ఒకాయన వచ్చి ఆ బంగళాలోనే దిగాడు. మద్యనిషేధం రోజులు. పర్మిట్ మీద ఒకే ఒక్క సీసా తెచ్చుకున్నాడు, తన ఊరి తెల్ల వైను. పొద్దున్నే మూత తీసి, గ్లాసులో కొంచెం పోసి మదార్ ముక్కు దగ్గర పెట్టాడు.

నిమ్మతొక్క. తొలివాన పడిన బండ. అడుగున ఎక్కడో ఉప్పుగాలి. చింతపండు దీన్ని చంపేస్తుందని, మిరపకారం తగిలితే దీని రుచే తెలియదని మదార్ వచ్చీరాని ఇటలీ భాషలోనే చెప్పాడు. కుందూ ఏటి కొర్రమీను, అల్లం, నిమ్మరసం, కాసింత నూనె, అంతకుమించి ఏమీ వద్దన్నాడు. దొర పొంగిపోయాడు. సీసాకు తడిగుడ్డ చుట్టి హాల్లో నీళ్లకుండ పక్కన పెట్టించి, శేషయ్య గుమస్తాను వెంటబెట్టుకొని ఆళ్లగడ్డ పోయాడు. మోకాళ్ల నొప్పులని శేషయ్య ఇంట్లోనే ఉండిపోయాడు.

రెండు గంటలకు దొర తిరిగొచ్చాడు. చేపలు వేడివేడిగా బల్ల మీదికి వచ్చాయి. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించి గ్లాసు మదార్ చేతికిచ్చాడు. మదార్ వాసన చూశాడు. సగానికి సగం నీళ్లు. ఆ మాట మనసులో పెట్టుకోక అందరి ముందూ అనేశాడు, వెర్రిబాగులవాడు.

"నీకెట్ల తెలుసురా? తాగినావు గాబట్టే తెలిసె," అన్నాడు శేషయ్య. పర్మిట్ సీసా తనిఖీకని వచ్చి వసారాలో కూర్చున్న కానిస్టేబుల్ బాలస్వామిని లోపలికి పిలిచాడు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు, ఊరికొచ్చిన అతిథి సొత్తు కాజేశాడని గోల పెట్టాడు. కేసు రాస్తే పని పోతుంది. పని పోతే పోనీ, రేపు మసీదులో నలుగురితో వరసలో నిలబడేదెట్లా?

"ఊదు," అన్నాడు బాలస్వామి.

యాభై ఏళ్ల మనిషి, ఇద్దరు మనవళ్లున్నవాడు, దొర చూస్తుండగా కానిస్టేబుల్ మొహంలోకి ఊదాడు. వక్కాకు వాసన తప్ప మరేమీ రాలేదని బాలస్వామే ఒప్పుకున్నాడు. ఆ వక్కాకుతోనే వాసన చంపుకున్నాడని శేషయ్య అందుకున్నాడు. అంతే, కేసు పుస్తకం బయటికొచ్చింది.

"ఈ ఇంట్లో నోళ్లు శానా ఉండాయి గదప్పా. నాదొక్కటే కనపడెనా నీకు?" అన్నాడు మదార్.

బాలస్వామి గోడకేసి చూశాడు. సర్కారు వారి ముక్కు వంటోళ్ల నోళ్ల దాకానే పనిచేస్తుంది, కుర్చీలో కూర్చున్నవాళ్ల దగ్గరికొచ్చేసరికి దానికి జలుబు పట్టుకుంటుంది.

సరే, మీ ముక్కు పని చెయ్యకపోతే నా ముక్కు ఉంది అనుకున్నాడు మదార్. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పడేసి, తిన్నగా శేషయ్య కుర్చీ దగ్గరికి పోయి, ఆయన మొహం మీదికి వంగి నిండుగా గాలి పీల్చాడు. నిమ్మతొక్క ఉంది. తొలివాన బండ ఉంది. వాటి నెత్తిన ఎక్కి కూర్చున్నదేదో తెలిసేసరికి, ఇందాక ఊదమన్నప్పటికంటే ఎక్కువ మండింది ఆయనకు. అయ్యా అని తప్ప ఏనాడూ పిలవని మనిషిని పేరు పెట్టి పిలిచాడు.

"తాగితే తాగినావు శేషయ్యా. దీనికి ఎల్లిపాయ కారం నంజుకుంటారా ఎవురన్నా?"

శేషయ్య అరచెయ్యి దానంతటదే నోటికి అడ్డం పోయింది.