మెత్తటి బండి, గట్టి బండి

2002లో మేము హిందూపురంలో ఉండేవాళ్లం. మా ఆయన నారాయణ తూముకుంట వైపు ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. నేను బళ్లో లెక్కల టీచర్ని. ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచిన నోరు, పెళ్లయినాక కూడా మారలేదు. మేనత్త చౌడక్క మాతోనే ఉండేది. ఇంటి ముందర ఒక పాత తెల్ల ఎస్టీమ్ కారు.

ఆ రోజుల్లో బెంగళూరు క్లబ్బులవాళ్లు అప్పుడప్పుడూ ఆదివారాలు మట్టిదోవల్లో కార్ల ర్యాలీలు పెట్టేవాళ్లు. బావకు అదొక పిచ్చి. ఆయన తోలేవాడు, నేను పక్క సీట్లో కాగితాలు పెట్టుకుని దోవ చదివేదాన్ని. "కుడి మలుపు... ఆమీట గుంత... ఎడమ, గట్టి ఎడమ" అని ఇంజను మోతను మించి అరవాలి. ఆడమనిషికి ఇదేం పనమ్మా అని చుట్టాలంటే, అత్త ఊరుకునేది కాదు.

"దానికి లెక్కలొస్తాయి, కూచ్చుంటుంది. మీకొస్తే మీరూ పోండి" అనేది.

ఎంత ఉబలాటపడినా మేము ఎప్పుడూ నడుమలోనే మిగిలేవాళ్లం. మలుపు తిప్పితే కారు పడవ మాదిరి పక్కకు ఒరిగేది. గుంతలో పడితే లేచి, మళ్లీ లేచి, ఇంకోసారి లేచేది. పెనుకొండలో మా మెకానిక్ తిరుపాల్ కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటా బయటికొచ్చినాడు.

"షాకులన్నీ నూనె కక్కేసినాయి సార్. స్ప్రింగులూ కూలబడిపోయినాయి. ఇంగ మార్చాల్సిందే."

మార్చేదానికి రెండు దార్లు. ఒకటి, ఊగుడు ఆపే షాకులు వేరే, బరువు మోసే స్ప్రింగులు వేరే కొని, ఒకదానికొకటి సరిపోయేట్టు చూసుకుని వేయించడం. రెండోది కాయిలోవర్లు. షాకు చుట్టూ స్ప్రింగు ఎక్కించి, రెండూ ఒకే జోడుగా తయారై వచ్చే సెట్టు. దాని ఒంటికి మరలుంటాయి, రింగు తిప్పితే కారు ఎత్తు తగ్గుతుంది, పెరుగుతుంది. బిగువు కూడా మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు. ముందు వరసలో వచ్చే కార్లన్నింటికీ అవే.

నాకు కాయిలోవర్లు కావాలి. ఒక్కసారన్నా గెలవాలని నాకుండింది, బావకంటే నాకే ఎక్కువ. బావేమో విడివిడిగానే కొందామంటాడు.

"రాయి మాదిరి గట్టిగుంటాయే. వెనక అమ్మ కూచ్చోవాల గదా."

అత్తకు కారు పడదు. ఎక్కేముందు చేతిలో నిమ్మకాయ, ఒళ్లో ప్లాస్టిక్ కవరు ఉండాల్సిందే. సోమందేపల్లి రాకముందే వాంతి. ఇంక అట్లాంటి మనిషిని కుదేసే బండిలో ఎక్కిస్తామా?

అట్లా రెండు నెలలు వాదులాడుకున్నాం. ఆఖరికి బెంగళూరులో ర్యాలీలు తోలే స్నేహితుడొకాయన, తన కారుది పాత కాయిలోవర్ల సెట్టు ఇచ్చి, "వారం రోజులు వేసుకోని చూడండి, నచ్చితేనే మాట్లాడుకుందాం" అన్నాడు. తిరుపాల్ బిగించినాడు. కారు రెండు వేళ్లంత కిందికి దిగి, చూసేదానికి కూడా రోషంగా కనబడింది. ఆ సాయంత్రమే బావ నన్ను ఎక్కించుకుని సోమందేపల్లి అవతల మట్టిదోవలో ఒక సుట్టు కొట్టినాడు. కారు నేలకు అంటుకుని పోయింది. నేను సంబరంతో అరిచినాను. ఆయన మాత్రం ఇంటికొచ్చినాక కూడా స్టీరింగు వదలకుండా అట్లే కూర్చున్నాడు.

ఆదివారం అత్తను తీసుకుని ధర్మవరం పోయినాం. ఆడ అత్తకు అక్క, నాగరత్నమ్మ ఉంటుంది. బావ ఉద్దేశం నాకు తెలుసు. అత్త నడుం పట్టుకుని తిడుతుంది, నా నోరు మూతపడుతుంది, అంతే కదా అనుకున్నాను. పెనుకొండ దాటినాక రోడ్డు చెడిపోయింది. ప్రతి రాయీ లెక్క తెలుస్తాండాది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

"ఏమ్మా, ఎట్లుండాది?" బావ అడిగినాడు.

"ఎద్దులబండి మాదిరుండాది."

బావ నా వైపు చూసి నవ్వినాడు.

"కానీ బాగుండాదిరా" అనింది అత్త. "కడుపులో తిప్పల్యా. ఎద్దులబండిలో నాకెప్పుడూ వాంతి రాల్యా. ఇది ఊగదు, పక్కకు పడేయదు. ఇంగొంచెం బిర్రున తోలు."

నిమ్మకాయ కూడా వాసన చూడకుండా ధర్మవరంలో దిగింది. కొత్త ఊరు చూసినట్టు రైల్వేస్టేషను రోడ్డంతా చూసుకుంటా అక్క ఇంటికి నడిచింది. బావ ముఖం చూడాలి ఆ పొద్దు.

తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో టీకి ఆగినాం. రోడ్డు పక్కన సీతాఫలాల గంపలుంటే అత్త బేరానికి దిగింది. మేమిద్దరం కారుకు ఆనుకుని నిలబడినాం.

"ఇంగేమంటావు బావా? అత్తకు ఇదే బాగుండాదంట" అన్నాను.

"ముందు టీ తాగు" అన్నాడాయన.

"నువ్వు అత్త పేరు చెప్పి తప్పించుకుంటాండావు. అసలు సంగతేందో చెప్పు."

"ఆ పొద్దు మట్టిదోవలో మలుపు తిప్పినా చూడు" అన్నాడు మెల్లగా. "మన మెత్తటి బండయితే, ఒరిగేటప్పటికి భయమేసి బ్రేకు తొక్కేవాణ్ని. ఇది ఒరగల్యా. నాకు భయం రాల్యా. ఎంత స్పీడులో తిప్పినానో ఇంటికొచ్చినాక తలుచుకుంటే అప్పుడేసింది భయం. మలుపు అవతల గొర్రెల మంద ఉండింటే? పక్కన నువ్వు గదా ఉండేది."

"నేను లేకుంటే కొందువా?"

"నువ్వు లేకుంటే నేనెందుకు పోతా ర్యాలీకి?"

అట్లాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు. చెప్పేసి, సిగ్గుపడి, టీ డబ్బులిచ్చేదానికి పోయినాడు. అత్త పండ్లు కొంగులో పోసుకుని వచ్చింది. మా గొంతులు ఆమెకు వినబడినట్టుండాయి.

"నా పేరు చెప్పి ఇద్దరూ కొట్లాడుకుంటాండారు. నన్ను ఒకరన్నా అడిగినారా? నాకు వాంతి రాకుంటే చాలు. మిగతాది మీరే చూసుకోండి" అని వెనక సీట్లో కూర్చుని పండు విప్పింది.

హిందూపురం చేరేలోపు నేను తేల్చుకున్నాను.

"సరే బావా, విడివిడిగానే కొందాం. పాతవాటి కన్నా కొంచెం గట్టివి, ఎత్తు మటుకు తగ్గకూడదు. ఇంకొక మాట. ఈసారి ర్యాలీలో నేను తోల్తా. నువ్వు చదవాల."

ఆయన కారు పక్కకు తీసి ఆపేసినాడు. "నువ్వా?"

"నేర్పించింది నువ్వే గదా."

కాయిలోవర్లు బెంగళూరు తిరిగిపోయినాయి. కొత్త స్ప్రింగులు ముందొచ్చినాయి, షాకులు ఆలస్యమైనాయి. ఆత్రం ఆగక స్ప్రింగులొక్కటే వేయిస్తే, పాత షాకులు వాటిని పట్టుకోలేక కారు దూడ మాదిరి ఎగిరింది. తిరుపాల్ "చెప్తే వినల్యా మేడం" అని నవ్వినాడు. సరిపోయే షాకులు వచ్చి, రెండూ కుదిరినాక బండి ఒక పద్ధతికొచ్చింది. అత్తను ఎక్కించుకుని ధర్మవరం దాకా మళ్లీ పోయి చూసినాం. నిమ్మకాయ తెచ్చుకునింది గానీ, దాంతో అక్క ఇంట్లో పులిహోర కలిపినారు.

ర్యాలీ చిక్కబళ్లాపురం అవతల. నేను స్టీరింగు ముందు, బావ కాగితాలతో పక్కన. మొదటి మలుపులోనే నోటితో ఎడమ అన్నాడు, చేత్తో కుడి చూపించినాడు. నేను చేతిని నమ్మినాను. కారు నేరుగా రాగి చేను గట్టెక్కి నిలబడింది. చేను ఆసామి వచ్చి కన్నడంలో తిట్టినాడు, ఆమీట ఆయనే వెనక నుంచి తోసినాడు.

తర్వాత ఒక దిగుడు వచ్చింది. కారు నా మాట వింటాండాది. ఇంకా గట్టిగా తొక్కొచ్చు. ఆ క్షణాన పక్కకు చూసినాను. బావ కాగితాలు గుండెకు అదుముకుని, కండ్లు పెద్దవి చేసుకుని కూర్చున్నాడు. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. పెనుకొండలో ఆయన చెప్పిన మాట అప్పుడు నాకు ఒంట్లోకి దిగింది.

ర్యాలీ అయిపోయేసరికి మా వెనక ఒక్క కారే మిగిలింది, అది కూడా టైరు పగిలిన కారు. గెలిచినాయన కాయిలోవర్లతోనే గెలిచినాడు. నాకు కడుపుమంట రాలేదంటే ఇప్పటికీ మా బళ్లో ఎవరూ నమ్మరు. ఎర్రమట్టి కొట్టుకున్న మొహాలతో ఇద్దరం గట్టు మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వినాం.

అట్లా ఇంకో నాలుగైదు సార్లు పోయినాం, ఒకసారి ఆయన, ఒకసారి నేను తోలుకుంటా. పాప పుట్టినాక పోలేదు. అత్త మటుకు ఆ కారును వదల్లేదు. పుట్టపర్తి, ముదిగుబ్బ, మడకశిర, యాడికంటే ఆడికి బయలుదేరేది. 2008లో చనిపోయింది.

మరుసటేడు కారు అమ్మేసినాం. కొన్నది మడకశిర వక్క తోటలాయన. ఒక సుట్టు తోలి చూసి, "ఏమప్పా, బండి ఇంత బిర్రుగా, గట్టిగా ఉండాది, ఏల?" అని అడిగినాడు. బావ షాకులూ స్ప్రింగుల కథ మొదలుపెట్టినాడు. పాపం ఆయన కాఫీ చల్లారిపోయే దాకా విన్నాడు. కారు సందు మలుపు తిరిగిపోయినాక, పాపను ఎత్తుకుని ఇద్దరం మార్కెట్టు దాకా నడిచిపోయి వచ్చినాం.