ఎనిమిది ఘనపుటడుగులు

భర్త పోయాక అక్క ఒక్క ఘనపుటడుగు పెట్టెతో వడ్రంగి తమ్ముడింటికి వచ్చింది. "పది రోజులే ఉంటాన్రా" అంది. ఆ మాట అతన్ని లోలోపల తొలిచేస్తోంది.

పెట్టె మూత పడటం లేదని, "దీనికి రెట్టింపుది చేసిపెట్టు" అని అడిగింది. అతను పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేశాడు. తీరా చూస్తే ఎనిమిది ఘనపుటడుగులైంది. అక్క సామానంతా అడుగున ఓ మూల ముడుచుకుంది, అక్కలాగే.

ఆమె పకపకా నవ్వింది. "ముప్పై ఏళ్ళుగా వడ్రంగివి, ఇదేం లెక్కరా సన్నాసీ? ఇంత చోటు నేనేం చేసుకోను?"

అతను నాలిక్కరుచుకున్నాడు. తప్పు ఒప్పుకోబోయి ఆగిపోయాడు.

"నిండేదాకా ఉండక్కా."

ఆమె పెట్టె అంచు నెమ్మదిగా తడిమింది.

"నీ సంపాదనకి ఇది నిండాలంటే నా జన్మ చాలదు" అంది. "సరే, ఆ పాత పెట్టె ఎవరికైనా ఇచ్చెయ్."