లైనుకెంత

సూర్యావతి కార్బను తిరగేసి పెట్టింది. సాలమోను చూశాడు. చూసి కూడా నోరు మెదపలేదు.

రెండు తెల్లకాగితాలు, మధ్యలో కార్బను. నల్లటి వైపు కాపీ కాగితం మీదకి ఉండాలి. రోలరులోకి ఎక్కించే ముందు ఒకసారి వేలితో రాసి చూసుకోవాలి. టైపు నేర్చుకునేవాళ్ళకి మొదటి వారంలోనే చెప్పే మాట ఇది. ఆ ఉదయం ఆ పిల్ల చూసుకోలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడలు తొక్కుతూ, డాక్టరు టేపులో చెప్పిందంతా పేజీ చివరిదాకా కొట్టేసింది. తీసి చూస్తే అసలు కాగితం వీపున అక్షరాలు తిరగబడి అచ్చయ్యాయి. కాపీ తెల్లగా ఉంది.

యజమాని బాపిరాజు కేకలు వెయ్యడు. కూలి కోసేటప్పుడు కూడా మర్యాదగానే కోస్తాడు. "పరవాలేదమ్మా, మళ్ళీ కొట్టు" అన్నాడు. ఆ పేజీకే కాదు, ఆ జబ్బుమనిషి కేసు మొత్తానికి కూలి కోసేశాడు. ఒక పేజీ పాడైతే కేసంతా పోయినట్టే. అది ఆయన పెట్టిన కట్టుబాటు.

ఆ కాగితం కోసం మెట్ల మీద సత్తెమ్మ కాచుకుని ఉంది. మామిడికుదురు దగ్గర చమురు బావి తవ్వుతుంటే గొట్టం జారి ఆమె మొగుడు వెంకటస్వామి కాలు నుజ్జయింది. టైపు చేసిన కాగితం చూపిస్తేగాని కాంట్రాక్టరు వైద్యం ఖర్చు ఇవ్వనన్నాడు. పేజీకి ఐదు రూపాయలు ముందే కట్టింది. బాపిరాజు ఆమె దగ్గరకి వెళ్ళి, ఒక పేజీ రెండోసారి కొట్టవలసి వచ్చింది, ఇంకో ఐదు కట్టమన్నాడు.

"తప్పు నేను కొట్టేనా బాబుగారండీ?" అంది సత్తెమ్మ.

"కాగితం ఊరికే రాదు కదమ్మా" అన్నాడాయన.

ఆమె కొంగుముడి విప్పింది. లోపల సూర్యావతి తలొంచుకుని ఉంది. పనిచేసినదానికి కూలి పోయింది. కట్టినదాని చేత మళ్ళీ కట్టించారు. రెండూ సాలమోను కళ్ళముందే జరిగాయి. అయినా అతను చూసింది సూర్యావతి వంగిన మెడ ఒక్కటే. బెల్లంముక్క బుగ్గన పెట్టుకున్నట్టయింది.

అమలాపురంలో ఆ మేడ కింద కొబ్బరికాయల గోదాం, పైన టైపు మిషన్లు. రెండూ బాపిరాజువే. చమురు తవ్వేవాళ్ళు కోనసీమలో దిగాక ఆయనకి మూడో పంట మొదలైంది. బావుల దగ్గర కాళ్ళూ చేతులూ విరిగిన కూలీలు పట్నంలోని పెద్ద నర్సింగ్ హోమ్‌లో చేరేవారు. డాక్టర్లకి రాసే తీరిక లేదు. జబ్బు వివరం, చేసిన ఆపరేషను, ఇచ్చిన మందులు అన్నీ టేపు రికార్డరులో చెప్పి కేసెట్లు పంపేవారు. అవి విని కొట్టే పని నలుగురిది. సాలమోను, సూర్యావతి, మత్తయి, చిన్నతల్లి.

ఆ లెక్క ఎలా ఉండేదో వినాలి. జబ్బుమనిషి పేజీ లెక్కన కట్టాలి. టైపు చేసినవాళ్ళకి లైను లెక్కన ఇస్తారు. నిండు లైనే లైను. సగంలో ఆగింది సున్నా. పైన, కింద, నడుమ వదిలిన ఖాళీకి జబ్బుమనిషి దగ్గర డబ్బు తీసుకుంటారు. కొట్టినవాళ్ళకి మాత్రం ఖాళీ ఖాళీయే.

లైనుకెంత అన్నది ఎవరికి వాళ్ళకే తెలియాలి. శనివారం సాయంత్రం ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి అంటించిన కవరు ఇచ్చేవాడు. "నీకు అయిదు పైసలు. మిగతావాళ్ళకి అంత లేదు. బయట అనకు, వాళ్ళ మనసు కష్టపడుతుంది" అనేవాడు. సాలమోను ఆ మాటని ఇంటికి మోసుకుపోయేవాడు. ఇంట్లో ఎవరూ లేరు. భార్య కాంతమ్మ పోయింది. గిన్నెడు అన్నం వండుకుని, అందరికంటే నాకు ఎక్కువ అనుకుంటూ తినేవాడు. అన్నంలోకి ఆ మాటే కూర.

ఆ మేడలో మొదటి మిషను మీద మొదట కూర్చున్నవాడు అతనే. మిషనరీల స్కూల్లో చదువుకుని, చూడకుండా కొట్టడం నేర్చి, తరవాత వచ్చినవాళ్ళకి తనే నేర్పాడు. సూర్యావతికి కూడా. ఇప్పుడు ఆ పిల్ల కిటికీ పక్క కూర్చుంది. గల్ఫు నుంచి వచ్చినవాడి దగ్గర కొన్న కొత్త టేపు రికార్డరు, కాలితో ఆపే పెడలు ఆమెకిచ్చారు. సర్జనుగారి టేపులు ఆమెవి. ఆయన నీళ్ళు పోసినట్టు మాట్లాడతాడు. సాలమోనుకి ముసలి డాక్టరు టేపులొచ్చేవి. ఆయన కిళ్ళీ నముల్తూ, ఫాను కింద, సగం మాట మింగి చెప్పేవాడు. ఒక లైను కోసం పదిసార్లు వెనక్కి తిప్పాలి. అతను ఒక పేజీ తీసేలోగా కిటికీ పక్క మిషను మీద, లైను నిండినప్పుడల్లా కొట్టే గంట ఆగకుండా మోగేది. ప్రతి గంటా అతని పక్కటెముకల్లో గుచ్చుకునేది.

ఆ పైన మత్తయి నవ్వుతూ ఒక మాట అన్నాడు. సూర్యావతికి లైనుకి ఆరంట అన్నాడు. కుర్రతనం కొద్దీ అన్నాడు. సాలమోనుకి ఆ వారం అన్నం సహించలేదు.

కార్బను సంగతి జరిగిన మర్నాడే అతను బాపిరాజు గదిలోకి వెళ్ళాడు. ఆ పిల్ల పాడుచేస్తోంది, కిటికీ పక్క మిషను తనకిమ్మన్నాడు. బాపిరాజు చాలాసేపు ఆలోచించినట్టు కూర్చున్నాడు.

"నీ పెద్దరికానికి అది నీకే రావాలి సాలమోనూ. కానీ అవి సులువు టేపులు కదా. నాలుగే ఇవ్వగలను."

"ఆయ్, అలాగేనండీ" అన్నాడు సాలమోను.

అయిదు వచ్చేచోట నాలుగుకి ఒప్పుకున్నాడు. ఆ పిల్ల ఆ కుర్చీలోంచి లేస్తే చాలు అనుకున్నాడు. అసూయ పట్టినవాడు తన చెయ్యి నరుక్కుని పక్కవాడి వేలు తెగిందా అని చూస్తాడు.

వారం తిరగలేదు. బాపిరాజు మత్తయినీ చిన్నతల్లినీ విడివిడిగా పిలిచాడు. సాలమోనంతటివాడు నాలుగుకి చేస్తున్నాడు, మీకు అయిదెందుకన్నాడు. ఆ శనివారం కవర్లు పలచబడ్డాయి.

బస్టాండు వెనక టీకొట్లో ముగ్గురూ అతన్ని పట్టుకున్నారు. చిన్నతల్లి ముమ్మిడివరం వైపు మనిషి. ఇద్దరు పిల్లలు, మంచంలో అత్తగారు. ఆమె నోటికి ఊళ్ళో అడ్డులేదు.

"ఏం అన్నయ్యా, నాలుగుకే అమ్ముడుపోయేవంట. సంతలో కోడిపెట్టయినా అమ్మేటప్పుడు అరుస్తాది."

సాలమోను టీ గ్లాసులోకి చూశాడు. ఆరు తీసుకునేవాళ్ళు కూడా అడగడానికి వచ్చారా అన్నాడు, సూర్యావతి వంక చూడకుండా.

"నాకు మూడున్నరండీ మాస్టారు" అంది సూర్యావతి.

టీకొట్టులో గోల ఉంది. అయినా ఆ మాట అందరికీ వినపడింది. మత్తయి మొహం వేలాడేశాడు.

"సులువు టేపులమ్మా, గాలొచ్చే కిటికీ అమ్మా అన్నారు. మిగతావాళ్ళకి మూడే ఇస్తున్నాను, అనకు అన్నారు. ఆయ్ అన్నాను."

సాలమోను నమ్మకూడదనుకున్నాడు. కానీ మూడున్నర అని గొప్పకి చెప్పుకునేవాళ్ళు లోకంలో ఉండరు. తనకంటే తక్కువ తీసుకునేదాన్ని చూసి ఏళ్ళతరబడి కుళ్ళాడు. దాని చోటు లాక్కున్నాడు. లాక్కుని అందరి కూడూ తగ్గించాడు.

"ఆవేళ కార్బను తిరగబడ్డం మీరు చూసేరు కదండీ?" అంది ఆమె.

"చూసేను."

"అనుకున్నానండీ." సూర్యావతిది బండారులంక, తండ్రి మగ్గం నేస్తాడు. "మా నాన్నకి చీరలో ఒక పోగు తప్పితే షావుకారు కూలి కోసేవోరు. ఆ చీర మటుకు కొట్లో నిండు ధరకే అమ్మేవోరు. పక్క మగ్గం ఆయనకి నీకంటే ఎక్కువిస్తున్నానని మా నాన్నతో, మా నాన్నకే ఎక్కువని ఆయనతో అనేవోరు. ఆయన చచ్చేదాకా ఇద్దరూ మాట్టాడుకోలేదు. ఆయన పోతే మా నాన్న చూడ్డానిక్కూడా వెళ్ళలేదు."

సాలమోను గ్లాసు కింద పెట్టాడు.

"కుళ్ళుకోండి మాస్టారు. తప్పనను. నా కుర్చీని చూసి ఎందుకండీ? ఆ మేడని చూసి కుళ్ళుకోండి."

అక్కడే వాదన మొదలైంది. అందరికీ ఒకే రేటు అడగాలంది సూర్యావతి. తీసేస్తాడు, కొత్తవాళ్ళని తెచ్చుకుంటాడు అన్నాడు మత్తయి. ఆ టేపులు విని కొట్టడం కొత్తవాళ్ళకి ఎన్నాళ్ళకొస్తుందిరా అంది చిన్నతల్లి. ముసలి డాక్టరు గొంతు పట్టుకోడానికి నాకే ఏడాది పట్టిందన్నాడు సాలమోను. చాలాకాలం తరవాత అతను ఆ నలుగురిలో ఒకడిగా మాట్లాడిన మాట అది. అందరికీ ఆరు పైసలు, సగం లైనూ లైనే, పాడైన పేజీకి కేసు కొయ్యకూడదు, రెండోసారి కొడితే జబ్బుమనిషి దగ్గర తీసుకోకూడదు. ఇవీ కోరికలు.

సోమవారం మిషన్ల మీద ముసుగులు తియ్యలేదు. నలుగురూ మెట్ల మీద కూర్చున్నారు. కాగితాల కోసం వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే పోగయ్యారు. సత్తెమ్మ కూడా వచ్చింది. కాంట్రాక్టరు ఇంకో కాగితం అడిగాడట. బాపిరాజు వాళ్ళందరి వంకా చూసి, మీ కాగితాలు ఆపింది వీళ్ళే, మీరే అడగండి అన్నాడు. తరవాత సాలమోనుని ఒక్కడినే గదిలోకి పిలిచాడు.

గదిలో ఆయన చెప్పింది ఎక్కువ లేదు. లైనుకి ఏడు పైసలు. మిగతావాళ్ళ మీద హెడ్డు. కిటికీ పక్క కుర్చీ శాశ్వతం. సూర్యావతిని తీసేస్తాను, ఆ పిల్ల మొహం నీకు కనపడదు అన్నాడు.

ఆ చివరి మాట సాలమోనుకి తియ్యగా తగిలింది. అబద్ధం ఎందుకు, తగిలింది. తలుపు దాకా నడిచే లోపల రెండుసార్లు ఆగాడు. బయట మెట్ల మీద ముగ్గురూ తననే చూస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు అప్పుడే మొహం తిప్పుకున్నారు, అతను అమ్ముడుపోయాడని. సూర్యావతి తిప్పుకోలేదు.

"లైనుకి ఏడన్నారు" అని గట్టిగా చెప్పాడు. "నాకొక్కడికే. ఈ పిల్లని తీసేస్తానన్నారు."

ఆ మేడలో రేటు పైకి పలకడం అదే మొదటిసారి. చిన్నతల్లి లేచి, నాకు నాలుగు అని అరిచింది. మత్తయి నాకూ నాలుగే అన్నాడు. నాకు మూడున్నర అంది సూర్యావతి. సత్తెమ్మ అందరి మొహాలూ చూసింది.

"నా దగ్గర పేజీకి ఐదు రూపాయలు తీసుకున్నారే. ఒక పేజీ కొడితే మీకెంతొస్తాది?"

"నిండు పేజీకి రూపాయి, పిన్నిగారూ" అన్నాడు మత్తయి.

"మరి మిగతా నాలుగూ?"

మెట్ల మీద కూర్చున్నవాళ్ళందరూ గదివైపు తిరిగారు. బాపిరాజు తలుపు వేసుకున్నాడు.

అప్పుడు వాళ్ళు చేసిన పనికి పట్నమంతా ముక్కున వేలేసుకుంది. నలుగురూ లోపలికి వెళ్ళి ముసుగులు తీశారు. మెట్ల మీదవాళ్ళ కేసులన్నీ వరసగా కొట్టడం మొదలుపెట్టారు. నిండు లైనూ సగం లైనూ చూడలేదు. కొట్టిన కాగితం బిల్లు గుమాస్తాకి ఇవ్వలేదు. ఎవరిది వాళ్ళ చేతికే ఇచ్చారు. డాక్టరుగారి సంతకం మీరే పెట్టించుకోండి, పైసా కట్టకండి అని చెప్పారు. సత్తెమ్మ కాగితం సాలమోను కొట్టాడు. పక్క మిషను మీద సూర్యావతి చేతులు అతనికంటే వేగంగా ఆడుతూనే ఉన్నాయి. ఆ మంట ఇంకా ఉంది. ఉన్నా కొడుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చేసరికి మెట్ల మీద ఒక్క కాగితం మిగల్లేదు. కాగితాలు, కార్బన్లు దొంగిలించారని బాపిరాజు రాసిచ్చాడు. ఎవరు మొదలెట్టారని హెడ్డు కానిస్టేబులు అడిగాడు.

"నేనండీ" అంది సూర్యావతి.

"అబద్ధమండీ, నేను" అన్నాడు సాలమోను. అందులోనూ ఆ పిల్లని ముందు ఉండనివ్వబుద్ధి కాలేదు.

ఇద్దర్నీ తీసుకుపోయారు. వెనక మత్తయి, చిన్నతల్లి, కాగితాలు చేతబట్టుకుని కూలిజనం నడిచారు. నినాదం ఎవరూ రాసివ్వలేదు. చిన్నతల్లి "లైనుకెంత?" అని అరిస్తే మిగతావాళ్ళు "నాలుగు పైసలు" అన్నారు. సత్తెమ్మ "పేజీకెంత?" అంటే "ఐదు రూపాయలు" అన్నారు.

కోర్టు ఆవరణ పక్కనుంచి పోతుంటే రేకుల పాకలో దస్తావేజులు కొట్టే టైపిస్టులు చేతులు ఆపి చూశారు. వరసగా కూర్చునేవాళ్ళే. ఒకే షావుకారు దగ్గర పనిచేసేవాళ్ళే. ఊరేగింపు దాటిపోయింది. మిషన్లు వెంటనే మోగలేదు. చివర కూర్చున్న ముసలాయన కళ్ళజోడు తీసి, పక్కవాడివైపు తిరిగాడు.

"నీకెంతిస్తున్నాడురా?"