చక్కెర వేసిన రొట్టె

జెల్లచేప ముక్కను పిండిలో రెండువైపులా దొర్లించి, అరచేతిలో ఒక్క దులుపు దులిపి, ఎల్బర్ట్ కాగే నూనెలోకి జారవిడిచాడు. శుక్రవారం. పదకొండు కాలేదు, లిన్‌వుడ్ వీధిలోకి తెరిచిన కిటికీ అవతల వేపుడు చేపల కోసం అప్పుడే ఎనిమిదిమంది వరస కట్టారు. మంగలి షాపు ముందు డామినో బిళ్లలు బల్లమీద టపటపా పడుతున్నాయి. ఎర్రదీపం దగ్గర ఆగిన కారులోంచి పాట కిటికీ అద్దాలను వణికిస్తోంది.

"అంత పిండి దేనికయ్యా? చలికి దుప్పటి కప్పుతున్నావా చేపలకి?" వెనకనుంచి ఒడెల్లా అంది.

"నీ ఆకుకూర సంగతి నువ్వు చూసుకో. మాడు వాసనొస్తోంది."

"నా చేతిలో కూర మాడిన రోజున ఈ డెట్రాయిట్ ఊరే నదిలో మునుగుద్ది."

ఇరవై రెండేళ్లుగా ఆ వంటగదిలో ఇద్దరిదీ వీపూ వీపూ కొలువు. అతని బాణలి వీధి వైపు, ఆమె పొయ్యి పెరటి గోడవైపు. మధ్య రెండడుగుల చోటు. ఆమె ముఖం కంటే ఆమె చప్పుళ్లే అతనికి బాగా తెలుసు. గరిటెను గిన్నె అంచుకు రెండుసార్లు కొడితే ఉప్పు సరిపోయినట్టు. మూత గట్టిగా పడితే కోపం వచ్చినట్టు.

ఎల్బర్ట్ కార్లు బిగించడానికి జార్జియా నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు వచ్చాడు. ఫ్యాక్టరీ మూసేశాక, మూడు నెలలు చాలనుకుని ఈ వంటగదిలో కాలు పెట్టాడు. ఇప్పుడు అరవై మూడు. పొడుగాటి మనిషి, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. భార్య పోయాక ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేశాడు. రోజుమొత్తంలో అతనితో నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఒడెల్లా ఒక్కతే. అందులో మూడు తిట్లు.

తగాదా అంతా మొక్కజొన్న రొట్టె దగ్గరే. అలబామా పిల్ల ఒడెల్లా అందులో చక్కెర పడనివ్వదు. "చక్కెరేస్తే అది రొట్టె కాదు, పుట్టినరోజు కేకు," అంటుంది. ఎల్బర్ట్ తల్లి మాత్రం రెండు చెంచాలు వేసేది. ఆ రెండు చెంచాల కోసం అతను ఇరవై రెండేళ్లుగా ఓడిపోతూనే ఉన్నాడు.

పన్నెండున్నరకు వరస వీధి మలుపు దాకా పాకింది. ఒడెల్లా బెండకాయల పళ్లెం, కత్తి తీసుకుని పెరటి తలుపు పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. ఆమె కూర్చోగా అతను ఎన్నడూ చూడలేదు.

"రొట్టె పిండి నువ్వే కలుపు," అంది.

అతను తన చెవులను నమ్మలేదు. పిండి, మజ్జిగ, గుడ్లు కలిపాడు. చక్కెర డబ్బా తీశాడు. నిండు చెంచా ఆమె వైపు ఎత్తి చూపించాడు. ఆమె గోడకు ఆనుకుని, గడ్డం రొమ్ముమీదికి వాల్చి, బెండకాయల్లోకి చూస్తోంది.

"ఒకటి!" అన్నాడు. మాట లేదు. "రెండు!" అన్నాడు.

తిట్టలేదు. ఎల్బర్ట్ ఈల వేసుకుంటూ మూకుడును పొయ్యిలోకి తోశాడు.

కాలిన రొట్టె ముక్క కొరికి, మంగలి క్లియాన్ కిటికీలోంచి తల దూర్చాడు. "ఇవాళ రొట్టె ఎవరు చేశారు? మా అమ్మ లేచొచ్చిందా ఏంటి?"

"విన్నావా ఒడెల్లా? విన్నావా అంటున్నా?" ఎల్బర్ట్ నూనెలోంచి కళ్లు తిప్పకుండానే అరిచాడు. "మూగనోము పట్టావా? ఓడిపోతే ఓడిపోయానని ఒప్పుకోవాలి తల్లీ!"

వరసలో వాళ్లంతా నవ్వారు. ఇంకో రెండు వాయిలు వేయించేదాకా అతను ఆమెను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

యజమాని కూతురు రెనీటా బెండకాయల కోసం లోపలికొచ్చింది. "పెద్దమ్మా," అని భుజం తట్టింది. పళ్లెం జారి నేలమీద గింగిరాలు తిరిగింది.

"బాబాయ్," అంది రెనీటా. ఆ గొంతు విని ఎల్బర్ట్ వెనక్కి తిరిగాడు.

ఆమె కళ్లు సగం తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. వెనక బాణలిలో చేపలు నల్లబడి పొగలొస్తున్నా అతనికి తెలియలేదు. రెనీటాయే మంట ఆర్పింది.

అంబులెన్సు రాగానే వీధిలో ఎవరో కారు పాట ఆపేశారు. డామినో ఆడేవాళ్లు టోపీలు తీసి నిలబడ్డారు. దుప్పటి కప్పుతున్న కుర్రాణ్ణి ఎల్బర్ట్ చొక్కా పట్టుకుని అడిగాడు.

"ఎప్పుడు పోయింది?"

"కచ్చితంగా చెప్పలేం. అరగంట, ముప్పావు గంట."

"అది కాదు బాబూ. నేను చక్కెర వేసేటప్పుడు ఉందా, లేదా?"

ఆ కుర్రాడికి అర్థం కాలేదు. అయ్యా పక్కకు జరగండి, అన్నాడు మెల్లగా.

కిటికీ మూసేశారు. ఎల్బర్ట్ వంగి, నేలమీద దొర్లిన బెండకాయలు ఒక్కొక్కటే ఏరుతున్నాడు. స్టూలు కింద, గోడ వారగా, హడావుడిలో ఆమె కాలినుంచి జారిపోయిన నల్ల బూటు ఒకటి పడి ఉంది. చిటికెన వేలు ఒరుసుకోకుండా తోలును కూరల కత్తితో గుండ్రంగా కోసి ఉంది. మడమ దగ్గర నాలుగు మడతలు పెట్టిన వంటగుడ్డ, ఇంకా చెమటకు తడిగానే ఉంది.